జాకెట్ ముక్కల దారిపటం

శ్రావణ శుక్రవారం ఉదయం. పాలకొల్లు వేదవతి మ్యాచింగ్ సెంటర్ అద్దం మీద ఒక చిలకపచ్చ చుక్క మెల్లగా కదులుతోంది. కాలవ లాకుల దగ్గర ఒక ఇంట్లోంచి బయలుదేరింది. బ్యాంకు కాలనీ చేరింది. అక్కడ కాఫీ తాగేంతసేపు కూడా ఆగకుండా పక్కింటికి వెళ్లిపోయింది. అద్దం ముందు చేరిన ఆడవాళ్లు ఎన్నికల ఫలితాలు చూసినంత శ్రద్ధగా చూస్తున్నారు.

"అది నేనిచ్చిన ముక్కేనండి," అంది రిటైర్డ్ టీచరు మంగతాయారు. "కళ్లకద్దుకుని మరీ పుచ్చుకుందావిడ."

"అద్దుకుంటూనే ఎవరికి తోసెయ్యాలో ఆలోచించుకునుంటదండి," అంది పక్కనున్న హైమ.

అప్పటికి దేశంలో అమ్మే ప్రతి బట్టలోనూ జాడపోగు ఉంటోంది. కంటికి కనబడని ఆ పోగు, తనున్న బట్ట ఏ ఇంట్లో ఉందో చెబుతూనే ఉంటుంది. ఆ కబుర్లన్నీ విని దుకాణదారుకు సలహా ఇచ్చే యంత్రం పేరు బేరసారథి. పెద్ద కంపెనీల ధాటికి చిన్న కొట్లు మూతపడకుండా ప్రభుత్వం అందరికీ ఒకటి ఇచ్చింది. ఇడ్లీ బండికి కూడా ఇచ్చింది. దాని సలహా మీద బండివాడు చట్నీ తగ్గించాడు. చట్నీ కోసం జరిగే గొడవ చూడటానికి జనం మూగారు, మూగినవాళ్లు ఇడ్లీ తిన్నారు.

చీరలూ, కుట్టేసిన జాకెట్లూ నేరుగా ఇంటికే వస్తున్న ఆ కాలంలో, మ్యాచింగ్ సెంటరుకు మిగిలిన బేరం పేరంటాల జాకెట్ ముక్కలే. ఈ శ్రావణం గట్టెక్కితే వేదవతి కొట్టు ఉంటుంది. లేకపోతే వినాయకచవితికి ఆ గదిలో టీ కొట్టు వస్తుంది. గది యజమాని కొలతలు కూడా తీసుకువెళ్లాడు.

"ఈ సరుకు వాడకానికి కాదండి, ప్రయాణానికి," అని తేల్చిన బేరసారథి, ఆ ప్రయాణాన్నే అద్దం మీద చూపించమంది. ఎదుటివాళ్ల ఇల్లు చూడాలంటే ముందు తమ ఇల్లు చూపించడానికి ఒప్పుకోవాలన్నది షరతు. ఊరంతా ఒక్క పూటలో ఒప్పుకుంది. పాత ముక్క పెడితే పట్టుబడిపోతామని అందరూ కొత్తవి కొనడం మొదలుపెట్టారు. వేదవతికి భోజనానికి కూడా తీరిక దొరకడం లేదు.

"వేదవతి గారూ, బేరం పెంచే మార్గం ఇంకోటి కనబడిందండి," అంది బేరసారథి, అందరికీ వినబడేలా. "ఈ వీధిలో ప్రతి ఇంటికీ ముక్కలు వస్తున్నాయి. ఒక్క ఇంటికి మాత్రం ఏళ్ల తరబడి ఒక్కటీ రాలేదు."

అద్దం మీద ఒక నల్లటి గడి కనబడింది. అది ఆ కొట్టు పైవాటా. వేదవతి ఉండేది అక్కడే.

ఆమె భర్త పోయి చాలాకాలమైంది. ఊళ్లో పేరంటాలకు వెళ్లే ముక్కలన్నీ ఆమె చేత్తోనే తెగుతున్నాయి. కొనేవాళ్లు రంగులు చూస్తారు గానీ కోసే చేతిని చూడరు. ఇప్పుడు యంత్రం అటే చూపించింది. శ్రావణమాసంలో ఈ చేతి ముక్క మాకొద్దని ఒక్కరు అనుకుంటే చాలు, మిగతావాళ్లకు అనుకోవడం తేలికవుతుంది.

"ఆ సంగతి వదిలెయ్," అంది వేదవతి.

"అలాగేనండి. కారణం చెబితే రాసుకుంటాను."

ఎవరో ఒకరు ఏదో ఒకటి అనాలి కాబట్టి హైమ అంది, "మెట్లు నిటారుగా ఉంటాయండి. మోకాళ్ల నొప్పులు."

"మొన్న మూడో అంతస్తులో పేరంటానికి మీరిచ్చిన ముక్క మెట్లమీదుగానే వెళ్లిందండి. ఆ ఇంటికి లిఫ్టు లేదు."

"ఆవిడకి మనమిచ్చేదేంటి," అంది ఇంకొకావిడ. "కొట్టు నిండా ముక్కలే."

"బట్టల కొట్టు సూర్యావతి గారింటికి ఈ వారం మీరే ఇచ్చారండి," అంది బేరసారథి మర్యాదగా. "వేరే కారణం ఏదైనా ఉందాండి?"

దానికి నిజంగానే తెలుసుకోవాలని ఉంది. ఊరి లెక్కలన్నీ దాని దగ్గరున్నాయి గానీ, ఎవరూ పైకి అనని మాట ఏ లెక్కలోనూ ఉండదు. ఆ మాటన్నావిడకు పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి. తీసిన ముక్కలు బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయింది. హైమ పర్సు జిప్పు తీసి, వేసి, మళ్లీ తీసింది. వదిలేసిన ముక్కల్ని వేదవతి మడతలు పెట్టసాగింది. చాలా చిన్న మడతలు.

"నాకో ముక్క తియ్యండి," అంది మంగతాయారు.

వేదవతికి అలవాటైన ప్రశ్న నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. "పెట్టుబడికాండి, కుట్టించుకోడానికాండి?" ఇంకొకరికి పెట్టడానికైతే పల్చటి రకం. ఎవరూ దాన్ని రెండోసారి ముట్టుకుని చూడరు.

"కుట్టించుకోడానికే. నాక్కాదు, మీకు."

మంగతాయారు చేతిసంచిలోంచి కుంకుమ భరిణ తీసింది. ముప్పై ఏళ్లు పిల్లల్ని గదమాయించిన గొంతు బాగా తగ్గిపోయింది. "బొట్టు పెట్టనాండి?"

హైమ గుమ్మం వైపు ఒకసారి చూసి, పర్సు జిప్పు పూర్తిగా తీసి బల్ల దగ్గరికి వచ్చింది. "నేనూ ఒకటి పెడతానండి మీకు. అదే రకం తియ్యండి."

వేదవతి పై అరలోంచి మెరూన్ రంగు తాను దించింది. బల్ల మీద పరిచింది. చేత్తో రెండుసార్లు సాపు చేసింది.

"ఉండండి, ముందు కొలవనివ్వండి," అంది. "అందరికీ ఎనభై సెంటీమీటర్లు సరిపోద్ది. నాకు చాలదు. మీటరు కొయ్యాలి."