ఆపరేషన్ బైరిడేగ

"నీ తమ్ముడు తెలిసే మోసిండు నవనీతా. గా ఫైల్ మళ్లా తెరువకు."

నిర్మల్‌లో ఒక బొమ్మల దుకాణం వెనక గదిలో, సగం రంగేసిన చెక్క చిలకల నడుమ కూర్చుని చీఫ్ కొండల్‌రావు అన్న మొదటి మాట అది. కోపాల్లో రెండు రకాలు. పాలలా పొంగి పొయ్యి ఆర్పేది ఒకటి. దాలిలో పిడకలా, పొగైనా కనబడకుండా పొద్దంతా రాజుకునేది ఇంకొకటి. ఏజెంట్ నవనీతది రెండోది.

రెండేళ్ల కింద తమ్ముడు లక్ష్మణ్ గల్ఫ్‌కు కూలికి పోతుంటే, మొహానికి మాస్కు కట్టుకున్న ఎవరో అక్క 'మా తమ్మునికియ్యి' అని ఇంట్లో వండిన సకినాల డబ్బా చేతిలో పెట్టింది. అక్కడ ఎయిర్‌పోర్టులో సకినాల కింద డేగ గుడ్లు దొరికాయి. వాడు ఇంకా జైల్లోనే ఉన్నాడు.

"టార్గెట్, ఫారిన్ స్మగ్లింగ్ రింగ్," అన్నాడు చీఫ్. "ధర్మపురి అవతల గోదావరి గుట్ట మీద బైరిడేగ గూడు పెట్టింది. మూడు గుడ్లు. పొదిగిచ్చి, పిల్లలకు వేట నేర్పి అమ్ముకుంటరు. రింగ్ లోపల మన ఇన్‌ఫార్మర్ స్నిగ్ధ ఉన్నది. గుడ్లు బొమ్మల లారీల పోతయని చెప్పింది. లారీని నేను ఆపుత. నువ్వు ఆమె నడిపించే పిట్టలు చూసే వాక్‌ల కలువు, గూడు మీద కన్నెయ్. స్నిగ్ధ జోలికి పోకు."

"ఆమె మనకే ఇన్‌ఫార్మరా సార్, వాళ్లకు గూడనా?"

"ఆర్డర్ ఇచ్చిన."

తెల్లారేసరికి నవనీత బోటనీ లెక్చరర్ రాధాబాయి అయింది. కాటన్ చీర, కాన్వాస్ బూట్లు, మెడలో బైనాక్యులర్స్. వేడిని ఎర్రగా చూపించే థర్మల్ కన్ను వాటిలోనే ఉంది. చేతి గడియారంలో మైకూ స్పీకరూ. మోదుగులు ఆకంతా రాల్చి పువ్వుల మీదే నిలబడ్డ రోజులు. స్నిగ్ధ పన్నెండు మందిని వెంటేసుకుని ముందు నడిచింది. నల్లద్దాలు, ఎర్రని లిప్‌స్టిక్, తేనె పూసిన గొంతు.

"సైలెన్స్ ప్లీజ్. తల్లిపక్షి డిస్టర్బ్ అవుతుంది."

తల్లిపక్షి ఎప్పుడో డిస్టర్బ్ అయింది. గుట్ట చుట్టూ అరుస్తూ తిరుగుతోంది, ఎక్కడా వాలడం లేదు. నవనీత బైనాక్యులర్స్ ఎత్తింది. గూడు ఖాళీ. రాతి అంచున తాడు ఒరుసుకున్న తెల్లని గీత. పక్కనే స్నిగ్ధ పుస్తకంలో రాస్తోంది: 'బైరిడేగ ఒకటి. గుడ్లు మూడు. అంతా క్షేమం.'

నవనీత పళ్లు కొరుక్కుంది. గడియారంలో చీఫ్ గొంతు గరగరలాడింది.

"పాలపిట్ట కనబడ్డదా?" అది కోడ్. గుడ్లు ఉన్నాయా అని.

"దసరా అయిపోయింది సార్." లేవని.

"ఐతే లారీలనే ఉన్నయ్. ఫికర్ చెయ్యకు."

మూడు గంటలకు వాక్ ముగిసింది. ఆర్డర్ పక్కన పెట్టి నవనీత స్నిగ్ధ కారు వెంట ధర్మపురి దాకా పోయింది. బస్టాండ్‌లో హైదరాబాద్ బస్సు పక్కన కొత్త చొక్కా వేసుకుని గల్ఫ్‌కు పోతున్న బాలమల్లు, సాగనంపే తల్లి యాదవ్వ. కారు దిగిన స్నిగ్ధ, మాస్కు కట్టుకుని, టేపు చుట్టిన డబ్బా అతనికిచ్చింది. నవనీత థర్మల్ కన్ను పెట్టింది. ఎండకు బస్సు రేకూ ఎరుపే, బెంచీ ఎరుపే, యాదవ్వ నెత్తీ ఎరుపే. లక్షల గ్యాడ్జెట్ బేకార్.

అప్పుడు జైలు నుంచి లక్ష్మణ్ ఫోన్‌లో అన్న మాట గుర్తొచ్చింది. 'సకినం ఒక్కటన్న చేతుల పెట్టలేదక్కా. గప్పుడే సమజ్ గావాల్సింది.' వాళ్ల ఊళ్లలో గల్ఫ్‌కు డబ్బా పంపే ఆడది, మోసేవాడి నోట్లో ఒక్క ముక్కైనా పెట్టకుండా మూత వేయదు.

బస్సు కదిలింది. నవనీత ఉరికి కిటికీ ఊచ పట్టుకుంది.

"తమ్మీ, డబ్బా ఇచ్చినామె నీకొకటన్న తినవెట్టిందా?"

"లేదక్కా."

"పట్నం పిల్ల బిడ్డా, దానికేం మర్యాద తెలుసు," కింద నుంచి యాదవ్వ అందుకుంది.

"మర్యాద కాదవ్వా, మతలబు. కండక్టరన్నా, ఈల ఊదు."

ఈల మోగింది, బస్సు ఆగింది. స్నిగ్ధ కెమెరా ఎత్తింది. లెన్స్ ఉండాల్సిన చోట పిస్టల్ గొట్టం. నవనీత బైనాక్యులర్స్ బెల్టు విసిరి ఆ మణికట్టుకు చుట్టి లాగింది. గుండు బస్టాండ్ రేకులో పోయింది. బాలమల్లు డబ్బాతో దిగి టేపు పీకాడు. రెండు వరసల సకినాలు. కింద దూది, బ్యాటరీ హీటర్, మూడు ఇటుకరంగు గుడ్లు. హీటర్‌లో ఇంకా చార్జింగ్ ఉంది.

యాదవ్వ కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"లారీల చెక్క చిలకలు తప్ప ఏం లేవు. నువ్వెక్కడున్నవ్?" గడియారంలో చీఫ్.

"గుడ్ల కాడ సార్. తెలిసే మోస్తరని గదా అన్నరు? గీ పిలగాన్ని అడుగుండ్రి. దాని ఎన్కనే నా తమ్ముని ఫైల్ తెరువుండ్రి."

పొద్దు వాలకముందే ఫారెస్టు వాళ్లు తాడుతో దిగి గుడ్లను గూట్లో పెట్టారు. గడియ సేపు తిరిగి తల్లిపక్షి వాలింది.

జీపులో స్నిగ్ధ, చేతులకు బేడీలు, చెరిగిన లిప్‌స్టిక్. కరీంనగర్ దాకా పోవాలి, అక్కడ రెండేళ్ల కిందటి డబ్బా సంగతి నోరు విప్పి చెప్పాలి. నవనీత ఆ డబ్బాలోంచే ఒక సకినం తీసి ఆమె చేతిలో పెట్టింది.

"తిను. దూరం పోయేటోళ్లను ఉత్తగ పంపం మేం."