కొంగ కింది కట్టె

మూసీలో వరద తీసిన మర్నాడు, ఒడ్డుకు కొట్టుకొచ్చిన వంకర కట్టెను ఇద్దరు చెరోవైపు పట్టుకుని లాగుతున్నారు. ఒకడు సూర్యాపేటలో చెక్కబొమ్మలు చేసే దావీదు. ఇంకొకామె అతని వాడకే చెందిన సుందరమ్మ, పొయ్యికట్టెల కోసం వచ్చింది.

"ఇడువ్! ముందు నేను సూసిన."

"పొయ్యిల పెట్టేది కాదు పిల్లా గిది. దీని మీద నా కొంగ నిలబడ్తది."

"కొంగనా? పిచ్చి గిట్ల లేసిందా నీకు?"

నవ్వి వదిలేసింది గానీ, ఆ చెక్క కొంగ నిలబడగానే మొదట తనకే చూపించాలని మాట తీసుకుంది.

పోలీసు యాక్షన్ అయిన ఏడాది అది. రజాకార్ల భయానికి కోదాడ దాటి శిబిరాలకు పోయినవాళ్లు ఒక్కొక్కరే తిరిగొస్తున్నారు. దావీదు తల్లి మాత్రం రాలేదు. అక్కడే జ్వరంతో పోయింది. తండ్రి చిన్నప్పుడే లేడు. దావీదు ఒక్కడే వండుకునేవాడు, ఒక్కడే తినేవాడు. చెక్కిన పిట్టలతో మాట్లాడేవాడు పాపం, అవి బదులిస్తే గదా!

ప్రతి ఆదివారం ప్రార్థన కాగానే సుందరమ్మ వచ్చేది.

"ఆరిందా?"

"ఇంక లేదు. నీడలనే ఆరాలె, ఎండల పెడ్తే పగుల్తది. ఆరినంక మెత్తటి జాగలల్ల సరేసు బంక కాచి పొయ్యాలె. గప్పుడే గట్టిపడ్తది."

ఆమె వెళ్లిపోయాక మళ్లీ ఆదివారం దాకా ఆ ఇంట్లో మనిషి గొంతు వినపడేది కాదు.

చలికాలం పోయి ఎండలు ముదిరాయి. ఊళ్లో బావులే ఎండుతున్నాయి, ఈ కట్టె మాత్రం ఆరదు! పోసిన బంక పట్టదు, కొంగ నిలవదు. చివరికి దావీదు విసిగిపోయాడు.

"ఇది పనికిరాదు. తీస్కపోయి పొయ్యిల పెట్టుకో. ఇగ నువ్వు గీడికి తిరుగుడెందుకు?" ఆ మాట అంటూ కట్టెను ఆమె ముందుకు జరిపాడు గానీ, చెయ్యి వదల్లేదు.

సుందరమ్మ ముఖం పాలిపోయింది.

"కట్టెది తప్పు లేదు. నేనే తడుపుతున్న."

"నువ్వా?"

"నువ్వు బంక కాస్తుంటే ఎనుక నుంచి దాని మీద నీళ్లు పోస్తున్న. ఆరితే కొంగ నిలబడ్తది. నిలబడ్తే నన్నెవరు రమ్మంటరు?"

పొయ్యి మీద బంక మాడి కంపు కొడుతోంది. ఇద్దరిలో ఒక్కరూ దాన్ని దించలేదు.

"ఇన్ని నెల్ల పని ఖరాబ్ చేసినవ్ కదనే!" కోపంగా అనాలనుకున్నాడు, చేతకాలేదు. "ఒక్కణ్ణే తినుడు నాతోని అయితలేదు సుందరమ్మా. నిన్నియ్యమని మీ నాయననొచ్చి అడగనా?"

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఇయ్యాలనే రా. అమ్మతోని ఇంకింత బువ్వ ఎక్కువ వండమంట."