థాంక్స్ గారు

"ఫ్యాన్ వేసినందుకు కూడా థాంక్సా? మీకు నోరు నొప్పి పుట్టదా?" అంది ఆమె, పనిలో చేరిన మొదటి రోజే.

"అలవాటండీ. థాంక్స్," అన్నాడతను.

"ఇప్పుడెందుకు?"

"అడిగినందుకు."

కట్టుడు పళ్ళు తయారుచేసే ఆ చిన్న ల్యాబ్‌లో ఇద్దరిదీ ఒకటే బల్ల. ఆమె మైనంతో పన్ను ఆకారం చెక్కి ఇస్తుంది. అతను దాన్ని పోత పోసి రంగు వేస్తాడు. మైనం అందుకుంటే థాంక్స్, టీ అందుకుంటే థాంక్స్. ఆమె అతనికి 'థాంక్స్ గారు' అని పేరు పెట్టేసింది. దానికీ థాంక్స్ చెప్పాడు. ఏం చేస్తాం, కొందరి పుట్టుక అంతే.

వానాకాలం వచ్చేసరికి ఆ మాట వినకపోతే ఆమెకు పొద్దు గడిచేది కాదు. సరిగ్గా అప్పుడే అతను ఆపేశాడు. అందరికీ కాదు, ఆమె ఒక్కదానికే. కొరియర్ అతనికి థాంక్స్, ఊడ్చే పెద్దావిడకి థాంక్స్. ఆమె ఇచ్చిన మైనం మాత్రం చెయ్యి చాచి తీసుకుని పనిలో పడిపోతున్నాడు. పొగరు కాబోలు అనుకుంది. తర్వాత, నేనంటే విసుగు పుట్టిందేమో అనుకుంది. అక్కడే ఆమెకు ఏడుపొచ్చింది.

ల్యాబ్ నడిపేది అతని అక్క. ఒకరోజు పొద్దున్నే వచ్చి, "ఊరి అవతల కొత్త ల్యాబ్ తెరుస్తున్నాం. నువ్వెళ్తావా అమ్మాయ్? సాయంత్రంలోగా చెప్పు," అంది.

అతను వద్దంటాడేమోనని ఆమె సాయంత్రం దాకా చూసింది. అతను వంచిన తల ఎత్తలేదు. బయట వాన మొదలైంది.

"వెళ్తాను మేడమ్," అంది అక్కతో. "ఇక్కడ నేనుంటే మీ తమ్ముడుగారికి ఇబ్బందిగా ఉంది. ఊరందరికీ థాంక్స్ చెప్తారు, నాకు చెప్పడానికి మాత్రం నోరు రాదు. నేనేం తప్పు చేశానో అదైనా చెప్పొచ్చుగా."

అతను నిజంగానే తెల్లబోయాడు. "మీకు చెప్పడం లేదా?"

"ఎప్పట్నించిరా?" అంది అక్క.

"తెలీదక్కా."

అక్క ఆ అమ్మాయి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. "మా ఇంట్లో సొంతవాళ్ళకి థాంక్స్ చెప్పం అమ్మాయ్. చిన్నప్పుడు వీడు బడిలో నేర్చుకొచ్చి, అన్నం పెట్టినందుకు అమ్మకి చెప్పాడు. 'నేనేమన్నా పరాయిదాన్నట్రా' అని అమ్మ ఆ రోజంతా వీడితో మాట్లాడలేదు. అప్పట్నించి నాకు కూడా ఒక్క థాంక్స్ చెప్తే ఒట్టు. నిన్నెప్పుడు ఇంట్లో కలిపేసుకున్నాడో పాపం వీడికే తెలిసినట్టు లేదు."

ఆమె అతని వైపు చూసింది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"నిజమేనా?"

"నిజమేనండీ," అన్నాడు నెమ్మదిగా. "అక్క మిమ్మల్ని అడిగినప్పట్నించి ఒకే పన్నుకి రంగు వేస్తూ కూర్చున్నాను. వద్దనడానికి నేనెవర్నని ఊరుకున్నాను. మీరంటే నాకు ఇష్టం. వెళ్ళకండి."

"ఈ ముక్క పొద్దున్నే చెప్తే ఏడుపు తప్పేదిగా," అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ. "వెళ్ళను."

"అమ్మకి నేను చెప్తాలే. కొత్త ల్యాబ్‌కి మళ్ళీ ఎవర్నో వెతుక్కోవాలి, నా ఖర్మ," అంటూ అక్క నవ్వుకుంటూ లేచింది.

అతను సంతోషం పట్టలేక ఆమె వైపు తిరిగి నోరు తెరిచాడు.

"ఆ మాట అన్నారో, రేపే కొత్త ల్యాబ్‌కి వెళ్ళిపోతాను," అంది ఆమె.

అతను బుద్ధిగా నోరు మూసుకున్నాడు.