పదకొండో సీసా నురగ

“భిలాయిలో వానా?”

“గొడుగు రిపేరుకిచ్చాను.”

కోడ్ సరిపోయింది. ఏజెంట్ క్రిస్టోఫర్ ఫోన్ చెవికి నొక్కుకున్నాడు. రాయ్‌పూర్ ఎయిర్‌పోర్ట్ వీఐపీ లాంజ్. మధ్యాహ్నం ఒంటిగంటా పది. కస్టమ్స్ ఇన్‌స్పెక్టర్ వేషం, అతికించిన మీసం. ఉక్కపోతకు ఆ మీసం అప్పుడే ఓ పక్క ఊడుతోంది.

“విను,” అన్నాడు ఢిల్లీ నుంచి చీఫ్ మల్లేశ్వరరావు. “అక్కడి ఉర్లా ఫ్యాక్టరీలో మాయమైన రహస్య కోటింగ్ ద్రవం ఆ విదేశీ డెలిగేషన్ సామాన్లోనే ఉంది. పన్నెండు వైట్ వైన్ సీసాల గిఫ్ట్ కేస్. ఒకదాంట్లో వైన్ లేదు. ఒకటీ నలభైకి వాళ్ల చార్టర్ ఫ్లైట్.”

“అన్నీ సీజ్ చేస్తాను సార్.”

“చెయ్యలేవు. వాళ్లు గవర్నమెంట్ అతిథులు. ఒక్క సీసా శాంపిల్‌గా తెరవడానికే పర్మిషన్. అందులో వైన్ ఉంటే సారీ చెప్పి సాగనంపాలి.”

“ఎలా గుర్తుపట్టను?”

“చూసి! వైట్ వైన్ అంటే నీళ్లలా తెల్లగా ఉంటుంది కదా. రంగున్నది పట్టుకో.”

ఫోన్ కట్.

క్రిస్టోఫర్ కేస్ తెరిచాడు. పన్నెండూ లేత పసుపే! చీఫ్‌ని తిట్టాలో తనను తాను తిట్టుకోవాలో తెలియలేదు. రైల్వే కాలనీలో పెరిగిన క్రైస్తవ కుటుంబం వాళ్లది. అతనికి తెలిసిన వైనల్లా చర్చిలో ప్రభు భోజన సంస్కారం నాడు ఇచ్చే ఎర్రటి ద్రాక్షరసం. అదీ ఓ గుక్కెడు. స్కానర్ పెన్ తీసి సీసాకు ఆనించాడు. ‘అప్‌డేట్ అవుతోంది, మూడు శాతం’ అంది దాని తెర.

“దీని మొహం మండ!”

అసలు మంట వేరే ఉంది. ఆ ద్రవాన్ని తయారుచేసిన కెమిస్ట్ ఉమారాణినే దొంగ అని తొమ్మిది రోజుల క్రితం అరెస్ట్ చేసింది అతనే. డెలిగేషన్‌లో ఇంటర్‌ప్రెటర్‌గా ఉంటూ మనకు సమాచారం అందించే డబుల్ ఏజెంట్ చాందిని మాట మీద చేశాడు. ఉమారాణి మాత్రం లాకప్‌లో ఒకే మాట మీద ఉంది. నేను తియ్యలేదు, తియ్యలేదు. అసలు దొంగ దొరక్కపోతే సాయంత్రానికి ఆమె జైల్లో ఉంటుంది. తప్పు మనిషిని పట్టుకున్నానేమో అన్న అనుమానం మూడు రోజులుగా అతన్ని అన్నం తిననివ్వడం లేదు.

చాందిని వచ్చింది. సిల్క్ చీర, గది నిండా సెంటు.

“ఇంకా తేలలేదా?” అని ఏడో సీసా ఎత్తి చూపించింది. “అడుగున చూడు. గాజు నలిపి పోసినట్టు పలుకులు. మంచి వైన్‌లో ఇలా ఉండదు. నేను కోర్సు చేశాను. పక్కా ఇదే.”

నిజమే, పలుకులు తళతళలాడుతున్నాయి. ఒకటీ ఇరవై ఆరు. క్రిస్టోఫర్ సీలు మీద కత్తి పెట్టాడు.

“ఒరేయ్ క్రిస్టోఫరూ! ఏటిరా ఆ మీసం?”

గుమ్మంలో సొంత అక్క గ్రేస్! ఎయిర్‌పోర్ట్ మెడికల్ రూమ్‌లో నర్సు. అతిథుల్లో ఎవరికో బీపీ చూడమంటే వచ్చింది. మూడు వారాల సీక్రెట్ ఆపరేషన్ గంగలో కలిసింది.

“అక్కా, డ్యూటీలో ఉన్నాను. వెళ్లు.”

“నేనేటి, పిక్నిక్‌కి వచ్చానా? గుమ్మంలోంచి అంతా విన్నాను.” గ్రేస్ సీసాల వైపు చూసింది. “ఇందులో ఏది తేడానో తేలాలా? నన్నడగొచ్చు కదరా. ఇరవై రెండేళ్లు ఆస్పత్రిలో రోజుకు అరవై శాంపిళ్లు చూశాను, ఇదే రంగువి.”

“అక్కా, ఇది వైన్!”

“సీసాలో పసుపు నీళ్లేగా. ఈ లైటు కింద ఏం కనపడతాది నీ బొంద! ఛల్, కిటికీ దగ్గరికి పట్రా.”

గ్రేస్ కిటికీ గట్టున తెల్ల టవల్ నిలబెట్టి, దాని ముందు సీసాలు వరసగా పెట్టింది. ముందు ఏడోది చూసింది.

“ఈ పలుకులు రోగం కాదు. ఫ్రిజ్‌లో పెడితే శాంపిల్లోనూ ఇలాగే అడుగున కూర్చుంటాయి. చల్లబడి దిగినవి, అంతే.” తర్వాత ఒక్కొక్కటీ ఎత్తి గట్టిగా కుదిపింది.

“అలా కుదపకండి, పాడైపోతుంది!” అని అరిచింది చాందిని.

అన్నిటిలో నురగ లేచింది, క్షణంలో పోయింది. పదకొండో దాంట్లో మాత్రం పోలేదు. అన్నిటికన్నా తేటగా, అందంగా మెరుస్తున్న సీసా అదే.

“శాంపిల్లో నురగ నిలబడిందంటే కిడ్నీలో గడ్‌బడ్ ఉన్నట్టే,” అంది గ్రేస్. “ఇది తెరువు.”

క్రిస్టోఫర్ చాందిని వైపు తిరిగాడు. ఏడోదే అని అంత గట్టిగా ఎందుకు చెప్పింది? ఆమె చేతిలో లిప్‌స్టిక్ ఉంది. దాని కొసన సూది! అది అతని మెడ దాకా వచ్చింది. అంతలో గ్రేస్ ఆమె మణికట్టు పట్టుకుని టేబుల్‌కేసి అదిమింది.

“కదలకు. కదిలితే నొప్పెక్కువ.”

ఒకటీ ముప్ఫై ఎనిమిది. పదకొండో సీసా మూత లేచింది. గుప్పున పెయింటు డబ్బా వాసన. చాందిని హ్యాండ్‌బ్యాగులో ఉర్లా ఫ్యాక్టరీ ల్యాబ్ తాళంచెవి నకలు దొరికింది. ఫ్లైట్ ఆగిపోయింది. చీఫ్ ఫోన్ చేసి, రంగున్నది పట్టుకోమని నేను ముందే చెప్పానా లేదా అన్నాడు. క్రిస్టోఫర్ పళ్లు నూరుకుని ఫోన్ పెట్టేశాడు.

సాయంత్రం లాకప్ తలుపు తనే తెరిచాడు. నిలబడి క్షమించమన్నాడు. ఉమారాణి నలిగిన దుపట్టా సర్దుకుంటూ బయటికొచ్చింది.

“పన్నెండిట్లో అది ఎలా పట్టుకున్నారు సార్?”

“వెలుతురులో పెట్టి, ఒక్కొక్కటీ కుదిపి, నింపాదిగా చూశామమ్మా.”

“అచ్ఛా,” అంది ఆమె చెప్పులు వేసుకుంటూ. “సీసాలకైతే అంత చూస్తారన్నమాట.”