నాన్న రాసిన ఫిర్యాదు

ఆ పొద్దున్న కూడా బుల్లి రోజూలాగే ఒడ్డున ఉన్న రేకుల షెడ్డులో కూర్చుని ఆల్చిప్పల మీద పట్టిన నాచు గీకుతోంది. పేరుకే బుల్లి. ముప్పై ఏళ్లు నిండాయి, ఇంట్లో అందరికన్నా జానెడు పొడుగు. ఎదురుగా మేనత్త కళ్లద్దాలు ముక్కు కొసకు జార్చుకుని, చిప్పను సన్నగా తెరిచి లోపల గింజ నాటుతోంది. ఆ గింజ చుట్టూ పొరలు పేరుకుని రెండేళ్లకు ముత్యమవుతుంది.

"అత్తా, నీ చెయ్యి పడితే చిప్పకి నొప్పి కూడా తెలీదట. అందరూ అంటున్నారు."

"చిప్ప వచ్చి చెప్పిందటా వాళ్లకి? మాటలు మాని గీకు."

బుల్లి నవ్వింది. తల్లి చిన్నప్పుడే పోతే, పెంచి పెద్ద చేసింది ఈ అత్తే. ఒకప్పుడు ఈ అఖాతంలోనే అత్తకు సొంతంగా, నీళ్లలో వేలాడే అరవై తాళ్ల మీద చిప్పల పెంపకం ఉండేది. ఇరవై ఆరేళ్ల కిందట వచ్చిన రోగానికి చిప్పలన్నీ నోళ్లు తెరిచి చచ్చిపోయాయి. ఆ దెబ్బకి చాలామంది ఊరే వదిలిపోయారు. అత్తను మాత్రం నాన్న తన ఇంటికి తెచ్చుకున్నాడు. "తమ్ముడంటే అలా ఉండాలి" అని లోకమంతా మెచ్చుకుంది.

ఇంతలో మత్స్యశాఖ పడవ వచ్చి ఆగింది. ఇన్‌స్పెక్టరమ్మ, ఆమెతో ఇద్దరు సిబ్బంది దిగారు.

"ఉత్తరం వైపు తాళ్లకి వేలాడదీసిన పిల్ల చిప్పలు ఎక్కణ్ణుంచి తెచ్చారు?"

బుల్లి చేతిలోని చిప్ప కింద పెట్టింది. తొమ్మిది రోజుల కిందట వేరే తీరం నుంచి నాలుగు వేల పిల్ల చిప్పలు తెప్పించింది తనే. చట్టం ప్రకారం వాటికి రోగం లేదన్న ధ్రువపత్రం కావాలి. ఆ పైన ఇరవై ఒక్క రోజులు ఒడ్డు మీద విడి ట్యాంకుల్లో ఉంచి, పరీక్ష చేయించి, అప్పుడే సముద్రంలో దింపాలి. అన్ని రోజులు ఆగితే ఈ ఏడు అదను దాటిపోతుంది. నాన్న వద్దని మూడుసార్లు చెప్పాడు. "కాగితం చూసి రోగం పారిపోతుందా నాన్నా?" అని నవ్వేసింది.

"ఇక్కడివేనండీ. మా చిప్పల పిల్లలే" అంది.

ఇన్‌స్పెక్టరమ్మ ఫైలు తెరిచి ఒక ఉత్తరం చూపించింది. తెచ్చిన తేదీ, బుట్టల లెక్క, ఏ తాడుకి ఎన్ని కట్టారో, అన్నీ ఉన్నాయి అందులో. గాలికి ఒరిగిన పడవల్లా కుడివైపుకు వాలిపోయే ఆ అక్షరాలు చూడగానే బుల్లి గుర్తుపట్టింది. తనకి అక్షరాలు దిద్దించిన నాన్న చెయ్యి అది.

నమూనాలు తీసుకున్నారు. సాయంత్రంలోగా ఆ బుట్టలన్నీ పైకి తీసి ట్యాంకుల్లో పెట్టాలనీ, మళ్లీ చెప్పేదాకా ఇక్కడి చిప్ప ఒక్కటి కూడా బయటికి కదలకూడదనీ ఆర్డరు ఇచ్చి వెళ్లిపోయారు.

బుల్లి విసురుగా ఇంట్లోకి వెళ్లింది. నాన్న వంటగదిలో బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు, ఆమె కోసమే చూస్తున్నట్టు. వెనకే అత్త కూడా వచ్చింది.

"ఆ ఉత్తరం నువ్వు రాశావా?"

"రాశాను."

కనీసం బుకాయిస్తాడనుకుంది బుల్లి. ఆమె కన్నా ముందే అత్త అందుకుంది.

"నీకు మతి గానీ పోయిందా తమ్ముడూ? కన్నకూతురి మీద ఫిర్యాదా? కంచే చేను మేస్తే ఇంకెవరితో చెప్పుకుంటుంది అది?"

"వేరేవాళ్లు ఫిర్యాదు చేస్తే లైసెన్స్ రద్దవుతుంది అక్కా. లైసెన్స్‌లో నా పేరూ ఉంది. పది రోజుల్లోగా మనంతట మనమే ఒప్పుకుంటే సస్పెండ్ చేసి వదిలేస్తారు. నిన్నటికి తొమ్మిదో రోజు. అందుకే రాశాను."

"నాతో ఒక్క మాట చెప్పి రాయొచ్చుగా!" బుల్లి అరిచింది. "ఆవిడ ముందు అబద్ధమాడి దొంగలా నిలబడ్డాను! రోగం వస్తుందని ఏంటి నీకంత నమ్మకం? వస్తుందో రాదో నీకెలా తెలుసు?"

"తెలుసు."

"అదే, ఎలా?"

నాన్న రెండు చేతులూ బల్ల మీద పెట్టుకున్నాడు.

"ఇరవై ఆరేళ్ల కిందట రోగం తెచ్చింది నేనే కాబట్టి."

నాన్న అక్క వైపు తిరిగాడు.

"అప్పట్లో ఈ చట్టం లేదు. బయటి నుంచి చవగ్గా వస్తున్నాయని రెండు వేల చిప్పలు తెచ్చి దింపాను. లోపల కండ అంచు గోధుమరంగుకి తిరగడం ముందు నా తాళ్ల మీదే చూశాను. వాటిని నీళ్లలోంచి తీసేస్తే సరిపోయేది. పరువు పోతుందని నోరు మూసుకున్నాను. నెల తిరక్కుండా అఖాతమంతా పాకింది. ఎండ ఎక్కువై నీళ్లు వేడెక్కాయని అందరూ అనుకున్నారు. అనుకోనిచ్చాను."

అత్త ఏడవలేదు, తిట్టలేదు. ఎవరో తెలియని మనిషిని చూసినట్టు తమ్ముణ్ణి చూసింది. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, గోడ పట్టుకుని మెల్లగా బయటికి నడిచింది.

పని మాత్రం ఆగేది కాదు కదా. మధ్యాహ్నం ముగ్గురూ ఒకే పడవలో వెళ్లారు. నాన్న తాళ్లు లాగుతుంటే బుల్లి బుట్టలు అందుకుంది. పిలవకుండానే వచ్చిన అత్త లెక్క చూసుకుంటూ కూర్చుంది. ఒడ్డు చేరి, నాన్న ఆఖరి బుట్టలు మోసుకెళ్లాక, బుల్లి అత్త చెయ్యి పట్టుకుంది.

"అత్తా, నాకేం చెప్పాలో తెలీట్లేదు."

"నా చిప్పలు పోయినందుకు కాదే నా బాధ," అంది అత్త. "ఇరవై ఆరేళ్లు వాడు పెట్టిన ముద్ద తింటున్నానని తల వంచుకు బతికాను. కూర రుచిగా లేదని ఒక్కనాడు అనలేదు. ఒంట్లో బాగోలేకపోయినా గింజలు నాటాను. రుణం తీర్చుకుంటున్నాననుకున్నాను. ఎవరి రుణం ఎవరు తీర్చారే?"

బుల్లికి నాలుగు వేల చిప్పలు దింపిన రోజు తనెంత ధీమాగా ఈల వేసిందో గుర్తొచ్చి సిగ్గేసింది.

నమూనాలు తీసుకెళ్లిన పదకొండో రోజున ల్యాబ్ నివేదిక వచ్చింది. కొత్తగా తెచ్చిన పిల్ల చిప్పల్లో రోగం ఉంది. అదే రోగం. అఖాతంలో మిగతా తాళ్ల నుంచి తీసిన నమూనాల్లో లేదు. "ఇంకో వారం ఆగి ఉంటే పాకేది. మీ నాన్న ఉత్తరమే కాపాడింది" అంది ఇన్‌స్పెక్టరమ్మ. నాలుగు వేల చిప్పల్నీ సున్నం చల్లి గోతిలో పూడ్చారు. లైసెన్స్ ఆర్నెల్లు సస్పెండ్ చేశారు.

ఆ పదకొండు రోజులూ తమ్ముడితో మాట్లాడని అత్త ఆ సాయంత్రం నోరు విప్పింది.

"నాకు చెప్పావు. వాళ్లకీ చెప్పు."

మర్నాడు పెంపకందార్లందరినీ షెడ్డుకి పిలిచారు. ముందు బుల్లి తన తప్పు చెప్పింది. తర్వాత నాన్న లేచాడు. ఏ మాటా మింగకుండా మొత్తం చెప్పాడు. ఆయన పూర్తి చేయగానే ఓ పెద్దాయన బల్ల మీద గుద్ది, "ఎంత మోసం చేశావయ్యా!" అని లేచాడు. నలుగురు వంత పాడారు.

"ఆగండి!" అంది అత్త. "ముందు అరవాల్సింది నేను. నా వంతు అయ్యాక మీరు అరవండి."

ఆమె తమ్ముడి ఎదురుగా వచ్చి నిలబడింది.

"చట్టం లేనప్పుడు నువ్వు చేసినదానికి శిక్ష లేదట. ఇన్‌స్పెక్టరమ్మని అడిగాను. కానీ నా దగ్గర ఉంది. నీ తాళ్లలో సగం నావి. దానంగా వద్దు. నావి నాకు రావాలి. లైసెన్స్ మీద నా పేరుండాలి."

"రేపే రాయిస్తానక్కా," అన్నాడు నాన్న. ఆయన కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. తుడుచుకోవడం లేదు. "ఈ ఉత్తరం అప్పుడే రాసుంటే..."

"అప్పుడు రాయలేదు. ఇప్పుడు రాశావు. కన్నకూతురని కూడా చూడకుండా రాశావు." అంది అత్త. "అందుకే ఈ ఇంట్లో ఉంటున్నాను. లేకపోతే ఆ రోజే మూట కట్టేదాన్ని."

పెద్దాయన మెల్లగా కూర్చున్నాడు.

బుల్లికి ఏడుపు ఆగలేదు. తన మీద ఫిర్యాదు రాస్తున్నప్పుడు నాన్న చెయ్యి తన పేరు దగ్గర ఎంతసేపు ఆగి ఉంటుందో ఇప్పుడు తెలిసొచ్చింది. వెళ్లి నాన్న భుజం మీద తల వాల్చింది. జానెడు వంగాల్సి వచ్చింది.

"చాల్లే, తండ్రీ కూతుళ్లు తర్వాత ఏడుద్దురు గానీ," అంది అత్త చీర కొంగు నడుముకి దోపుకుంటూ. "చీకటి పడేలోపు ఆ ట్యాంకులు మందు నీళ్లతో కడగాలి. నాకూ సగం ఉంది అందులో. రండి."

ముగ్గురూ కదిలారు. ఈసారి అత్త ముందు నడిచింది.