పదమూడో ఎక్కం

శనివారం పొద్దున పదింటికి లాస్య టీచర్ తొమ్మిదేళ్ల సీతాలై మూడో బెంచీలో కూర్చుంది.

ఒళ్లు మాత్రం స్టాఫ్‌రూమ్ కుర్చీలోనే ఉంది. నెత్తిన పిల్లచూపు టోపీ ఉంది. పిల్లల మణికట్టుకుండే మదిపట్టీలు వారమంతా వాళ్ల అనుభూతుల్ని పోగుచేస్తాయి. అందులోంచి ఒక పీరియడ్‌ని టీచర్‌కి ఎక్కిస్తారు. తన పాఠం పిల్లకి ఎలా తగిలిందో తనే అనుభవించి దిద్దుకోవాలి. టీచర్ల శిక్షణంటే ఇప్పుడు ఇదే. పూర్వం సంతకం పెట్టి, స్లయిడ్ల ముందు కునికి, సమోసా తిని ఇంటికెళ్లేవారట.

భిన్నాల పాఠం నడుస్తోంది. తన గొంతు తనకే తియ్యగా వినబడుతోంది. అంతా సంతోషమే. జూన్‌లో ఇదే టోపీలో తన క్లాసు పిల్లాడు యేసుబాబు భయం తగిలి వెక్కివెక్కి ఏడ్చిన లాస్య, ఆ తర్వాత కసురుకోవడం మానేసింది. ఇప్పుడు సంతోషంలో ఆమె క్లాసు జిల్లాకే ఫస్టు.

అంతలో తొడ చురుక్కుమంది. తన వేళ్లే గిల్లినట్టు. లోపలెక్కడో పదమూడో ఎక్కం గబగబా పరిగెడుతోంది. మళ్లీ సంతోషం.

లాస్య టోపీ లాగేసింది. "భిన్నాల్లో పదమూడో ఎక్కం ఎక్కడిది మాస్టారూ?"

"పిల్ల సంతోషం నూటికి తొంభై ఎనిమిది వచ్చిందమ్మా," అన్నారు పక్కనే ఉన్న హెడ్మాస్టర్ ఇమ్మానుయేలు. "కోడిగుడ్డు మీద ఈకలు పీకకు."

సోమవారం క్లాసులో సీతాలుని దగ్గరికి పిలిచింది. "తొడ ఎందుకు గిల్లుకున్నావే?"

సీతాలు నవ్వుతూ నిలబడింది. జవాబు బుల్లెమ్మ చెప్పింది. ముత్తవ్వల పేర్లు మళ్లీ ఫ్యాషనైన రోజులు కదా, క్లాసులో బుల్లెమ్మలే ముగ్గురు.

"అందరం గిల్లుకుంటాం టీచర్. ఏడుపొస్తే గిల్లుకుని పదమూడో ఎక్కం చదవాలి. అది కష్టం గదా, ఇంకేం గుర్తురాదు."

"ఎవరు చెప్పారే మీకు?"

"మేమే అనుకున్నాం. యేసుబాబుగాడి బాధ ఎక్కించుకుని మీరు ఏడ్చారంట గదా, ఆయా చెప్పింది. ఇంకెప్పుడూ మీకు అంటకూడదని ఒట్టేసుకున్నాం."

లాస్య సీతాలు వైపు తిరిగింది. "సీతాలూ, నీకేమైందమ్మా?" అంది.

సీతాలు పట్టీ ఉన్న చేతిని వీపు వెనక దాచుకుంది. "దసరా సెలవుల్లో హైదరాబాద్‌లో మా అమ్మ చచ్చిపోయింది టీచర్. నేను పిన్ని దగ్గరే ఉంటున్నా."

"నెల దాటింది గదే! నాకు చెప్పలేదేం?"

"మీరు అడగలేదు గదా టీచర్."

నిజమే. పట్టీలొచ్చాక బళ్లో పిల్లల్ని ఏమైందని అడిగేదెవరు?

లాస్య ఆ పట్టీ విప్పి బల్ల మీద పడేసింది. "ఇప్పుడు ఏడవ్వే నా తల్లీ. ఎవరికీ అంటదు."

సీతాలు ప్రయత్నించింది. పెదవి వణికింది, మళ్లీ నవ్వులోకే సర్దుకుంది. "రావట్లేదు టీచర్," అంది, తప్పు చేసినట్టు.

లాస్య కళ్లలోంచి నీళ్లు జారాయి.

"ఒరేయ్, టీచర్ ఏడుస్తున్నారు!" అని అరిచింది బుల్లెమ్మ.

అంతే. ముప్పైమంది పిల్లలూ కంగారుగా ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుని, ఒక్కసారిగా నవ్వడం మొదలెట్టారు. పట్టుదలగా, గట్టిగా, ఆగకుండా. సీతాలు అందరికంటే గట్టిగా నవ్వింది.

వరండాలో వెళ్తున్న ఇమ్మానుయేలు మాస్టారు ఆ నవ్వులు విని కిటికీలోంచి తొంగిచూశారు. అద్భుతం అన్నట్టు బొటనవేలు చూపించి వెళ్లిపోయారు.