ముందే పోసిన పులుసు

"ఇంకెంతసేపు స్వామీ? కడుపుల ఎలుకలు ఉరుకుతున్నయ్!"

"అయిపాయె. జరసేపు ఆగు."

లింగస్వామి నవనీతతో ఆ మాట అనడం ఎన్నోసారో దేవుడికే తెలియాలి. పొయ్యి మీద నీళ్లు కుతకుతలాడుతున్నాయి గానీ కందిపప్పు మాత్రం పట్టిన పట్టు విడవడం లేదు. ఒక బద్ద తీసి వేళ్లతో నొక్కి చూశాడు. ఎక్కడి గట్టిదనం అక్కడే ఉంది.

తప్పంతా అతని నోటిదే. కోదాడలో ఇద్దరూ ఒకే దవాఖానలో పనిచేస్తారు. నవనీత నర్సు, అతను ల్యాబు టెక్నీషియన్. "డ్యూటీ చేసి అలసిపోయి వచ్చిన పెండ్లానికి వేడివేడి పప్పుచారు నేనే వండిపెడత," అని క్యాంటీన్‌లో అందరి ముందూ కోతలు కోశాడు. నవనీత ఊరుకునే రకమా?

"అయితే ఆదివారం నీ రూముకొస్త. నువ్వు వండింది తిన్నంకనే మా నాయినకు జవాబు చెప్త."

ఆ జవాబు మీదే ఉంది లింగస్వామి బతుకంతా. మిర్యాలగూడ నుంచి ఆమెకో సంబంధం వచ్చింది. అవునో కాదో ఇవాళ చెప్పేయాలి. లింగస్వామి సంగతి నేరేడుచర్లలో ఉన్న తండ్రి లచ్చయ్యకు ఆమె ముందే చెప్పింది. "మాటలదేముంది, మనిషి ఎట్లాంటోడో సూసి చెప్పు బిడ్డా," అన్నాడాయన.

"కొత్తిమీర మర్సిన. ఇప్పుడే వస్త," అంటూ లింగస్వామి సంచిలో ఒక గిన్నె దాచుకొని కిందికి దిగాడు. ఎదురుగానే శాంతాబాయి మెస్సు. ఆమె పప్పుచారు ఒకసారి తిన్నవాడు మళ్లీ పోయించుకోకుండా లేవడు. గిన్నె నింపుకొని వస్తుంటే, ఆ తాలింపు వాసనకే సగం పెళ్లి అయిపోయినట్టనిపించింది.

మెట్ల మీద కాళ్లు ఆగిపోయాయి. ఇది పెడితే నవనీత తింటుంది, మెచ్చుకుంటుంది, తండ్రికి ఫోన్ చేస్తుంది. ఆ తర్వాత రోజూ ఆమె కళ్లల్లోకి ఎట్లా చూడాలి? ఆమె అంటే అతనికి ప్రాణం. మొదటి ముద్దనే అబద్ధంతో కలిపి పెట్టడానికి మనసొప్పలేదు.

లోపలికి వచ్చి గిన్నె ఆమె ముందు పెట్టాడు.

"నవనీతా, ఇది శాంతాబాయి మెస్సుది. నాది ఉడకలే. అసలు నాకు వంటనే రాదు. నీ ముందట గొప్పలకు పోయిన."

ఆమె పొయ్యి దగ్గరికి వెళ్లి, గరిటెతో కొంచెం నీళ్లు తీసి నాలుకకు రాసుకుంది.

"చింతపండు పులుసు ఎప్పుడు పోసినవ్?"

"పప్పుతోటే. మొదట్లనే."

నవనీత పకపకా నవ్వింది. "అయ్యో! పులుపు పడ్డంక పప్పు ఉడుకుతదా? రేపటిదాంక మరగబెట్టినా గిట్లనే ఉంటది."

"అయితే... ఇగ ఖతమేనా?"

"నువ్వు మెస్సులకు పోవుడు కిటికీలకెళ్లి సూసిన. ఆ పప్పు నాదే అని పెట్టినవనుకో, తిని, చెయ్యి కడుక్కొని, మిర్యాలగూడోళ్లకు సరే అనేదాన్ని." ఆమె గొంతు మెత్తబడింది. "వంట నేర్పొచ్చు స్వామీ. గిది నేర్పితే రాదు."

వేరే గిన్నెలో పప్పు కడిగి, చిటికెడు పసుపు వేసి పొయ్యి మీద పెట్టి, ఫోన్ అందుకుంది. స్పీకర్ పెట్టింది.

"నాయినా, మిర్యాలగూడోళ్లకు వద్దని చెప్పు."

"పిలగాడు మంచిగ వండిండా?"

"లే నాయినా. పప్పు ఉడకనేలే. వంటనే రాదంట. గా మాట తనే చెప్పిండు."

"ఫోను ఆయనకియ్యి."

లచ్చయ్య ఎదురుగా వచ్చి కూర్చున్నట్టే లింగస్వామి లేచి నిలబడ్డాడు. "నమస్తే మామా," అనేసి నాలుక కరుచుకున్నాడు.

"పులుసు, పప్పు మెత్తగ మెదిపినంకనే పోయాలె. సమజైందా?"

"సమజైంది."

"నాకు సుత పెండ్లైనంకనే తెలిసింది. వచ్చే ఆదివారం మీ అమ్మనాయినను తోలుకొని రా. మీ అత్త వండుతది, పక్కన నిలబడి నేర్సుకో."

మీ అత్త! ఆ మాట చెవిన పడగానే లింగస్వామి కళ్లు తుడుచుకొని ముక్కు ఎగబీల్చాడు. నవనీత అతని చేయి పట్టుకుంది. ఫోన్‌లోంచి లచ్చయ్య మళ్లీ అందుకున్నాడు.

"గా ముక్కు ఎగబీల్చుడేంది? ఉల్లిగడ్డలు కోస్తున్నవా పిలగా?"

"లేదు మామా... ఇంకా మొదలువెట్టలే."